మూడు థాయ్ హోటళ్ళు, ఒక్క సంబంధం

కామారెడ్డిల థాయ్ తిండి దొరికే హోటళ్ళు మూడున్నయి. ఏది మంచిగుంటది, ఏది ఉండది అని తీర్పు చెప్పుడు నా పని గాదు. నేను కాలేజీ ఆడపిల్లల హాస్టల్ల వార్డెన్‌ను. పప్పుల నీళ్ళెన్ని పోసిండ్రు, గేటు మూసినంక గోడెవరు దుంకిండ్రు, గిదే నా లోకం. కానీ మా పిల్లలకు హాస్టల్ పప్పంటే పగ. పొద్దుమీకితే చాలు, గోడ మీదికెల్లి తాడు కట్టిన సంచులు పైకి పోతుంటయి. పట్టుకొని "ఏందే ఇది?" అంటే "థాయ్ మేడమ్" అంటరు, ప్రసాదం పేరు చెప్పినంత భక్తితోని. పారేద్దామంటే అన్నం, పాపం తగులుతది. తిరిగిస్తే పిల్లలకు నా భయం పోతది. గందుకే నేనే తిన్న. గట్ల తిని తిని రెండు హోటళ్ళ సంగతి నాకు తెలిసింది. మూడో దాని సంగతి తెలువనీకి గోడ కాడ కావలి గాయాల్సిన పని లే. అది మా తమ్మునిది.

మా తమ్ముడు బహ్రెయిన్ పోయింది గిన్నెలు తోమనీకి. అది థాయ్ హోటల్. గిన్నెల కాడికెల్లి కూరగాయల కాడికి, కూరగాయల కాడికెల్లి పొయ్యి కాడికి వచ్చిండు. ఇంటికొచ్చేటప్పుడు అందరు కంబళ్ళు తెస్తరు, అత్తరు తెస్తరు. వీడు రోలు తెచ్చిండు. రాతి రోలు, విమానంల. మా అమ్మ ఆ రోలు చుట్టు ఒక తాప తిరిగొచ్చి, "మన దిక్కు రాళ్ళు దొరుకుతలేవారా" అన్నది. మిక్సీల ఏస్తే వాసన చచ్చిపోతదని వాడు ఇప్పటికీ మసాలా ఆ రోట్లనే దంచుతడు. కాలేజీ రోడ్డు మీద ఒక షట్టర్ కిరాయికి తీసుకొని, నాలుగు బల్లలేసి హోటల్ తెరిచిండు. పిల్లలు ఎగవడ్డరు. హోటల్ మంచిగనే నడిచింది. నడవంది వాని పెండ్లి ముచ్చటనే.

సంబంధాలొచ్చుడు వస్తుండె. "పిలగాడు ఏం జేస్తడు?" "హోటల్." "ఏం హోటల్?" "థాయ్ హోటల్." గీడికొచ్చేసరికి అవతల ఫోన్ల చప్పుడుండది. ఒకాయన మంచి మనసుతోనే అడిగిండు, బిర్యాని దొరుకుతదా అని. దొరకదన్న. ఆయన మళ్ళ ఫోన్ జేయలె. ఇంకొకాయన, మొగపిలగాడు పొద్దంత గంటె పట్టుకొని నిలవడుతడా అన్నడు. నిలవడకపోతే నీ అసొంటోళ్ళు పెండ్లిలకు పోయి ఏం తింటరు అని నేనడిగిన. ఆ సంబంధం గూడ పోయింది. అది నా నోటి వల్లనే పోయిందని మా అమ్మ అంటది. పోతే పోయింది, ఆ మాట నేను మళ్ళ అడుగుమన్న అడుగుత.

గప్పుడొచ్చింది ఎల్లారెడ్డి సంబంధం. పిల్ల మగ్గం పని జేస్తది, బస్టాండు దిక్కు చిన్న దుకాణం. తల్లి చిన్నప్పుడే పోయింది. మేనమామ ఇంట్ల, అమ్మమ్మ చేతుల పెరిగింది. మేము చూడనీకి పోయినం. పెద్దోళ్ళు ఇద్దర్ని మాట్లాడుకొమ్మని ఒక పక్కకు పంపిండ్రు. ఏం మాట్లాడుకున్నరో నాకు తెలువది. తిరిగొచ్చేటప్పుడు బస్సుల లింగంపేట దాటేదాక మా తమ్ముడు నోరు తెరువలె. దాటినంక కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నడు: "అక్కా, ఈ ఒక్కటి ఖరాబు గాకుండ చూడు. ఇది గిట్ల పోయిందంటే నేను మళ్ళ బహ్రెయిన్ పోత. ఈడ ఒక్కన్నే పొయ్యి ముందల నిలవడేదానికి, ఆడ నిలవడ్త."

వాడు చిన్నప్పటి సంది ఏదీ అడిగినోడు గాదు.

"నేనేం జెయ్యాలెరా?" అన్న.

"ఏం జెయ్యకు. తక్కువ మాట్లాడు" అన్నడు.

పిల్ల మేనమామకు ఎల్లారెడ్డిల విత్తనాలు, ఎరువుల దుకాణముంది. ఆయనను ఏమని పిలువాల్నో నాకు మొదటి సంది పరేషానే. మామ అంటే సంబంధం ఖాయమైనట్టే అయితది. అన్న అందామంటే వయసు కుదరది. కాక అని షురూ జేసిన, ఎటు పోయినా నష్టం లేదని. ఆయన ఫోన్ జేసి, "పిల్లా, మీ ఊర్ల థాయ్ హోటళ్ళు మూడున్నయట గదా" అన్నడు. ఉన్నయన్న. "ఒక్కటి చూస్తే ఏం తెలుస్తది? విత్తనమైనా పక్క సంచి విప్పి చూసినంకనే కొంటం. మూడూ చూస్తం. మీ వాడు పోటీల ఆగుతడా ఆగడా తెలువాలె. నువ్వే దగ్గరుండి తిప్పు."

నాకు మస్తు సంబరమైంది. ఇంకేం గావాలె. ఆ రెండు హోటళ్ళు తిన్న నాలుకతోని మా తమ్ముని కూర తింటే, ఆడనే తాంబూలాలు మార్చుకుంటరు అనుకున్న. ఉరికి పోయి అమ్మకు చెప్పిన. అమ్మ చాటల బియ్యమేసుకొని ఏరుతున్నది. తల గూడ ఎత్తలె.

"వాళ్ళు వీని కాడ తింటరే?" అన్నది.

"ఎందుకు తినరు?"

"మాట ఖాయం గాకముందు పిల్ల దిక్కోళ్ళు పిలగాని ఇంట్ల మంచినీళ్ళన్న ముడుతరా? ముట్టిండ్రంటే పిల్లనిచ్చినట్టే. గంత పెద్ద ఉద్యోగం జేస్తవు, గిది యాదికి లేదా?"

యాదికి లేదు. "అది ఇంటికమ్మా. హోటలుకు గాదు" అన్న.

"గల్లా వానిది, గిన్నె వానిది, వండే చెయ్యి వానిది. ఇల్లంటే ఇంకేముంటది?"

నమ్మకం కుదరక కాకకే ఫోన్ జేసిన. ఆయన నవ్విండు. "గది చెప్పాల్నా? మీ వాని కాడ తినం. చూస్తం" అన్నడు. అంటే ఆ రెండు హోటళ్ళల్ల తింటరు, మావాని హోటల్ కండ్లతోని చూస్తరు, చూసి మూడింట్ల ఏది మంచిదో చెప్తరు. ఫోన్ పెట్టేసినంక నేను ఒక్కదాన్నే వరండాల చానాసేపు తిట్టిన. ఎవర్ని తిడుతున్ననో నాకే తెలువలె. పిల్లలు కిటికీలకెల్లి చూసి, ఎవరి పార్సిల్ దొరికిందో అని భయపడ్డరు.

ఎండలు ముదిరినంక ఒకనాడు ఎల్లారెడ్డి బస్సుల ముగ్గురు దిగిండ్రు. కాక, పిల్ల తండ్రి, పిల్ల అమ్మమ్మ. తండ్రి మాట్లాడే మనిషి గాదు. బావమరిది మాట్లాడుతుంటే ఆయన తల ఊపుతడు. అవ్వ, అంటే కాకను కన్నతల్లి, వంగిపోయి చేతికర్ర మీద నడుస్తది. గీ ఎండల ఈమెనెందుకు తోల్కొచ్చిండ్రు అనుకున్న. "పిల్లను సాదింది నేను. నేను చూడకుండ ఎట్ల?" అని ఆమెనే చెప్పింది.

మొదటి హోటల్ పాత చైనీస్ ఫాస్ట్‌ఫుడ్. బోర్డు మీద చైనీస్ పక్కన జాగ మిగిలితే థాయ్ అని ఇరికిచ్చి రాసిండ్రు. వంట గూడ గంతే. అదే నూడుల్స్, అదే ఎర్ర సాసు, అదే మంట. ఆఖరికి మీద గుప్పెడు పల్లీలు చల్లితే థాయ్ అయితది. కాక మాత్రం పల్లీలు చూడంగనే ఖుషీ అయిండు. "దీంట్ల పల్లీలేసిండు. వండినోనికి తెల్వి ఉన్నది" అనుకుంట ప్లేటు ఊడ్చిండు. నా నాలుక మీద మాట ఆడుతున్నది, తమ్ముని మొకం యాదికొచ్చి పండ్లు బిగవట్టుకున్న. తండ్రి తిన్నడు. అవ్వ ముందలి ప్లేటు ముందలనే ఉన్నది.

రెండోది ఏసీ హోటల్. లోపల అద్దాల తొట్టిల చేపలు, ప్లాస్టిక్ పువ్వులు, మెడకు టై కట్టుకొని చెమటలు కక్కే పిలగాడు. థాయ్ పచ్చ కూర అడిగితే తెచ్చిండు. నేను అంతకుముందే పార్సిల్ల తిన్న గనుక నాకు తెలుసు. అది పాలక్ పనీర్‌ల పనీర్ తీసేసి చక్కెరేసినట్టుంటది. కాక ఒక ముక్క నోట్లేసుకొని ఆగిండు. "ఇది కూరనా, పాయసమా?" అన్నడు. నా పానం లేచొచ్చింది. కానీ ఏసీ చల్లగ తగులుతున్నది, రుమాలి రొట్టెలు వేడివేడిగ వస్తున్నయి. తీపి కూరతోనే మూడు రొట్టెలు లాగిచ్చిండు. సూప్ తాగి, "మన పచ్చిపులుసునే కాగవెట్టిండ్రు, గంతే" అన్నడు. లేచేటప్పుడు, "హోటలంటే గిట్లుండాలె, కూసుంటే లెవ్వబుద్ధి గాదు" అని బావకు చెప్పిండు. బావ తల ఊపిండు. అవ్వ రొట్టె తుంచి, చేతుల పట్టుకొని, మళ్ళ పళ్ళెంల పెట్టింది.

మూడో హోటలుకు పోయేసరికి మా తమ్ముడు ఇస్త్రీ అంగీ మీద ఏప్రాన్ కట్టుకొని వాకిట్ల నిలవడ్డడు. తెల్లారకముందు సంది వండుతున్నడు. ఒక బల్ల కాడ మా హాస్టల్ పిల్లలు కూసొని ఉన్నరు. నన్ను చూసి మెనూ కార్డు మొకాలకు అడ్డం పెట్టుకున్నరు. వేరే దినమైతే ఒక్కొక్కరి చెవి పట్టుకొని తీస్కపోయేదాన్ని.

తమ్ముడు అందరికి దండం పెట్టిండు, కుర్చీలు తుడిచిండు, నీళ్ళ గ్లాసులు పెట్టబోయి యాదికొచ్చి వెనక్కి తీస్కపోయిండు. తినకపోయినా కాక అన్నీ చూపియ్యమన్నడు గనుక ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పెట్టిండు. పెండ్లిచూపులల్ల పిల్లను కూసోవెట్టినట్టు కూరలను కూసోవెట్టినం. కాక వంగి చూసిండు. వాసన పట్టిండు. ఆ వాసనకు ఆయన గొంతుల గుటక పైకిపోయి కిందికొచ్చుడు నేను నా కండ్లతోని చూసిన. అయినా ఒప్పుకుంటేనా. స్పూన్‌తోని సూప్ కలిపి నిమ్మగడ్డి కాడ బయటికి తీసిండు.

"గడ్డి ఏసిండు" అని బావకు చూపిచ్చిండు.

"కరివేపాకు లెక్కనే, వాసనకు. తినేటప్పుడు తీసి పక్కకు పెట్టాలె" అన్నడు తమ్ముడు మెల్లగ.

ఇగ గప్పుడు అన్నం దిక్కు చూసిండు. అది థాయ్ వాళ్ళ బంక బియ్యం. నానవెట్టి, బట్టల కట్టి, ఆవిరి మీద వండాలె. అతుక్కొని ముద్దగనే ఉంటది, ఉండాలె. మావాడు పట్నంకెల్లి తెప్పిస్తడు. కానీ కూసున్నోళ్ళు ఎల్లారెడ్డి వడ్ల మనుషులు. వాళ్ళకు అన్నమంటే పాత బియ్యం, మెతుకుకు మెతుకు తగులొద్దు. చుట్టమొచ్చిన నాడు అన్నం ముద్ద అయితే వండినామె మొకం ఎత్తది. కాక స్పూన్ గుచ్చి లేపితే అన్నం మొత్తం ఒకటే గడ్డ లేచింది. దాన్ని గట్లనే గాలిల పట్టుకొని బావ దిక్కు తిరిగిండు.

"కొత్త బియ్యం. నీళ్ళెక్కువ. జరమొచ్చినోళ్ళకు వండినట్టు వండిండు. అన్నం వండుడు రానోనికి పిల్లనెట్లిస్తం, బావా?"

తమ్ముడు ఏదో చెప్పబోయిండు. ఇగ నా వశం గాలె.

"కాకా, అది గట్లనే ఉంటది. పల్లీలేస్తే థాయ్ అనుకొని తిన్నవు, చక్కెర కూరతోని మూడు రొట్టెలు తిన్నవు. వండొచ్చినోని కాడికొచ్చి నోరు కట్టుకొని కూసున్నవు. నాలుక మీద పెట్టకుండనే ఖరాబు అని ఎట్ల చెప్తవు? నీ దుకాణంల సంచి వాసన చూసి ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతదో చెప్తవా?"

మెనూ కార్డుల వెనకకెల్లి మా పిల్లలు కండ్లు బయటపెట్టి చూస్తున్నరు. తమ్ముడు నా దిక్కు చూసిండు. కోపం గాదు ఆ చూపుల. బస్సుల కిటికీ దిక్కు తిరిగినప్పుడు ఎట్లున్నడో గట్లున్నడు. నా నోరు నా చేతుల ఉంటే ఆ క్షణం కోసి పారేద్దును.

కాక కండువా సర్దుకొని లేచిండు. "పోదాం బావా. పిల్లా, చెప్పి పంపుతం" అన్నడు. చెప్పి పంపుతం అంటే ఏందో మా దిక్కు పసి పిల్లలకు గూడ తెలుసు. చెప్పరు, పంపరు.

"అవ్వా, నడువు" అని పక్కకు తిరిగితే అవ్వ కుర్చీ ఖాళీగ ఉన్నది.

వంటింటి తలుపు కాడ, గోడకు ఆనుకొని, ప్లాస్టిక్ స్టూల్ మీద కూసొని ఉన్నది ఆమె. ఒళ్ళె ఒక పళ్ళెం. ఆ బంక అన్నమే, మీద తియ్యటి కొబ్బరిపాలు పోసి, పక్కకు మామిడిపండు ముక్కలు కోసి పెట్టిన పళ్ళెం. పెట్టిన అని ఎందుకంటున్ననంటే దాంట్ల అప్పటికి ఏం మిగలలె. ఆఖరి మెతుకు వేలితోని తుడిచి నోట్లేసుకున్నది. పక్కన నీళ్ళ గ్లాసు సగం తాగి ఉన్నది.

కాక రంగు మారింది. "అవ్వా, ఏం జేసినవే?"

"తిన్న."

"తినొద్దని పొద్దుగాల నీకు చెప్పలేదా?"

"చెప్పినవు."

నేను తమ్ముని చెయ్యి పట్టి పక్కకు గుంజిన. "నువ్వు కావాలని పెట్టినవారా?" అని చెవుల అడిగిన. నిజం చెప్తున్న, కావాలనే పెట్టిన అంటే వాన్ని ఆడనే ముద్దు పెట్టుకునేదాన్ని. వాడు తల అడ్డం ఊపిండు. "గామె పొద్దటి సంది ఏం తినలేదటక్కా" అన్నడు.

కాక అప్పటికే తీర్పు ఇస్తున్నడు. "ముసల్ది. తెలువక తిన్నది. ఇది లెక్కకు రాదు, బావా."

అవ్వ పళ్ళెం కింద పెట్టింది. చేతికర్ర తీసుకొని లేవలె; కూసున్న కాడికెల్లే మాట్లాడింది. గొంతు పెద్దగ గూడ లేదు.

"తెలువక తినలేదు బిడ్డా. పొద్దటి సంది రెండు హోటళ్ళల్ల నన్ను కూసోవెట్టినవు. ఒక కాడ దారాలు వెట్టినవు, ఒక కాడ తోలు వెట్టినవు. నా నోట్ల పండ్లు లేవని నేను కన్న కొడుకుకే యాదికి రాలె. ఈ పిలగాడు నేను కూసుంటుంటేనే అడిగిండు, అవ్వా మెత్తగ ఏమన్న పెట్టన్నా అని."

"వద్దనాలె గదనే."

"వద్దన్న. తింటే సంబంధం ఖాయమైనట్టయితది, నా కొడుకు కొట్లాడుతడు అని చెప్పిన. గప్పుడు వీడేమన్నడో ఎరుకేనా? నువ్వైతే తిను అవ్వా, తిన్నవని నేనెవరికీ చెప్ప అన్నడు." ఆమె మా తమ్ముని దిక్కు చూసింది. "వాడు చెప్పనన్నడు గనుకనే, నేను చెప్తున్న. నా మనుమరాలు ఈ ఇంటికొస్తది. ఆకలైనప్పుడు ఆమెను ఒకడు అడగాలె."

కాక నిలవడ్డ కాడ్నే నిలవడ్డడు. పొద్దటి సంది తల తప్ప ఏదీ ఊపని పిల్ల తండ్రి గప్పుడు కుర్చీ గుంజుకొని కూసున్నడు. ఆయన భార్య పోయినప్పటి సంది ఆ బిడ్డను ఈ ముసలామెనే సాదింది. ఆయన ఎవరి దిక్కూ చూడలె. బావమరిది గాలిల లేపి పట్టుకున్న ఆ అన్నం గడ్డ పళ్ళెంల పడి ఉన్నది. దాన్ని దగ్గరికి గుంజుకొని, పచ్చ కూర పోసుకొని, చేత్తోని పిసికి తినుడు షురూ జేసిండు.

"నీళ్ళియ్యి బిడ్డా" అన్నడు తమ్మునితోని. ఆ దినం ఆయన నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట అదే.

కాక ఇంకొంచెంసేపు నిలవడి, బావ తినుడు చూసి, పక్క కుర్చీల కూసున్నడు. కూర కొంచెం నాలుక మీద పెట్టుకున్నడు. మళ్ళ కొంచెం పెట్టుకున్నడు. పళ్ళెం ముందలికి జరిపి, "జర ఉప్పు తక్కువున్నది" అన్నడు, ఇంకింత వెయ్యమని చెయ్యి చూపిచ్చుకుంట.

తమ్ముడు గంటె పట్టుకొని నిలవడ్డడు గానీ వడ్డిస్తలేడు. వాని కండ్లల్ల నీళ్ళు ఏప్రాన్ మీద పడుతున్నయి. నాకు గూడ ఏడుపొచ్చింది, మా పిల్లలు చూస్తున్నా ఆపుకోబుద్ధి గాలె. వాని చేతుల గంటె తీసుకొని, "ఎంత వెయ్యాలె, మామా?" అని నేనే వడ్డించిన.